తెగని చెవి

గుడివాడ,
14 అక్టోబరు 2024

మావయ్యా,

నమస్కారాలు. నీకు ఫోన్ చేస్తే వినపడదు. వినికిడి మిషను పెట్టుకోమంటే పక్కింటి సీరియల్ ఏడుపులన్నీ చెవిలో పడుతున్నాయని దాన్ని బీరువాలో దాచావు. అందుకని బస్సెక్కితే గంటలో వచ్చే బందరుకి ఉత్తరం రాసి, అది చేరేదాకా రోజులు లెక్కపెట్టుకుంటున్నాను. పోస్టాఫీసు కౌంటర్లో అమ్మాయి పోయినసారి నా కవరు చూసి "కోర్టు నోటీసాండీ?" అని అడిగింది.

రెండు సంగతులు రాయాలి.

మొదటిది, పెదనాన్నకి విగ్రహం పెడుతున్నారు. బతికుండగానే. గిరిధర్ వచ్చి చెప్పి వెళ్లాడు. కన్నతండ్రికి కొడుకే ఖర్చు పెట్టుకుని, ఊరు పెడుతోందని కార్డు మీద వేయిస్తున్నాడు. నాగాయలంక దగ్గర మా ఊరి మలుపులో, నవంబరు పందొమ్మిదిన, డెబ్బై ఏడులో ఉప్పెన వచ్చిన రోజునే ఆవిష్కరణ. విగ్రహం భుజం మీద ఆరేళ్ల పిల్ల ఉంటుందట. ఆ పిల్లని నేను. ఆ రోజు పెదనాన్నకి దండ వేసేది కూడా నేనే. ఏటా నేను అప్పజెప్పే ముక్కలు నీకు తెలుసుగా: "సముద్రం ఊరి మీద పడింది. మెట్ల మీద అమ్మ చెయ్యి జారిపోయింది. గాలికి లేచిన రేకు తగిలి నా చెవి తెగింది. పెదనాన్న నన్ను ఎత్తుకుని డాబా ఎక్కి బతికించాడు." ఈసారి అవి వద్దట. "నీ సొంత మాటల్లో చెప్పక్కా, వీడియో తీస్తున్నారు" అన్నాడు. కాగితం ముందు పెట్టుకుని కూర్చున్నాను. సొంత మాటలు ఒక్కటీ రాలేదు. ఎవరో రాసిచ్చిన పద్యం లాగా ఆ నాలుగు ముక్కలే వస్తున్నాయి.

రెండోది. వీడియో కదా అని ఎడమ చెవి కుట్టించుకుందామని డాక్టరు దగ్గరికి వెళ్లాను. తెగిన చెవికి మత్తు ఇచ్చాడు, కుట్టాడు, నొప్పి లేదు, దడ లేదు. తర్వాత నర్సు రెండు చెవులూ పోల్చి చూడాలని నా కుడి చెవి దిద్దు తియ్యబోయింది. వెనకాల మర తిప్పడం మొదలుపెట్టింది. అంతే మావయ్యా. నేను కేకలు పెట్టానట. నర్సు చెయ్యి కొరికానట. నాకు తెలిసింది ఒక్కటే: చెవి పక్కన చుట్ట వాసన, "కదలకు తల్లీ, అయిపోయింది" అని నెమ్మదిగా ఒక మగ గొంతు.

ఆలోచిస్తే తెలిసింది. ఆ దిద్దు మర నేను తప్ప ఇంకెవరూ ముట్టుకోలేదు. పెళ్లిలో కూడా ముట్టుకోనివ్వలేదు. తెగిన చెవికి లేని భయం మంచి చెవికి ఎందుకు? నువ్వు ఇన్ని పుస్తకాలు చదివావు. నాకు పిచ్చి పడుతోందా?

నీ
వసుంధర

---

బందరు,
18 అక్టోబరు 2024

చిరంజీవి వసుకి, నువ్వు కొరికిన నర్సుకి కూడా, ఆశీస్సులు.

పిచ్చి నీకు పట్టదు. మన కుటుంబంలో దానికి సీనియారిటీ లిస్టు ఉంది, ముందు నేనున్నాను.

బతికున్నవాడికి విగ్రహం పెట్టడం మంచి పద్ధతే. పోయాక పెడితే కాకులు రెట్ట వేసేది ఎదటివాళ్లు చూస్తారు. ఇప్పుడైతే స్వయంగా చూసుకోవచ్చు. చలపతిరావు బావకి చిన్నప్పటి నుంచీ పెద్దమనిషిలా నిలబడే అలవాటుంది. సిమెంటుకి పని తక్కువ.

చుట్ట వాసనంటావా, అది సాక్ష్యమైతే ఆ రోజుల్లో దివిసీమంతా ముద్దాయే. దాన్ని వదిలెయ్యి. నీ ఉత్తరంలో నన్ను పట్టుకున్నది వేరే. అది చెప్పాలంటే వెనక్కి వెళ్లాలి. నువ్వు వందసార్లు విన్న కథే, నూటొకటోసారి విను.

ఉప్పెనకి ఏడాది ముందు నీకు చెవులు కుట్టించారు. మేనమామను కనుక నా ఒళ్లో కూర్చోబెట్టారు. పుళ్లు మానాక నేను తెచ్చిన దిద్దులు పెట్టారు. బంగారం దిద్దులు. అప్పుడు నీ పెదనాన్న భోజనాల దగ్గర, అందరి మధ్యా, నీ చెవి రెండు వేళ్లతో పట్టుకుని చూసి, "ఏం రామబ్రహ్మం బావా! చిలకలపూడి రోల్డుగోల్డా? పాపం, లెక్చరర్ జీతం" అన్నాడు. పంక్తి పంక్తంతా నవ్వింది. మీ నాన్నా నవ్వాడు. మజ్జిగ పోస్తున్నవాడు కూడా నవ్వి నా ఆకులో సగం, పక్కవాడి ఆకులో సగం పోశాడు. ఆ రోజు నుంచి ఈ రోజు దాకా, మీ వైపు వాళ్లకి నేను మేనకోడలికి రోల్డుగోల్డు పెట్టిన రామబ్రహ్మాన్నే. చరిత్ర మీద రెండు పుస్తకాలు రాశాను. ఒక్కడూ తెరిచి చూడలేదు. దిద్దుల సంగతి మాత్రం అందరికీ కంఠతా వచ్చు.

ఇక అసలు విషయం. ఉప్పెన పోయిన నాలుగో నాడు నేను నడిచీ, పడవెక్కీ, మళ్లీ నడిచీ మీ ఊరు చేరాను. మీ అమ్మని అప్పటికే ఊరి శవాలన్నిటితో కలిపి దహనం చేసేశారు. నిన్ను చూశాను. నీ రెండు చెవులకీ దిద్దులు లేవు. ఎడమది రేకు తెంపుకుపోయిందన్నారు, సరే. కుడిది?

ఇన్నేళ్లూ మనమందరం నీ తెగిన చెవినే చూశాం. జాలిపడ్డాం. పెళ్లిచూపులకి నిన్ను మంచి చెవి వైపు తిప్పి కూర్చోబెట్టారు. ఫోటోలన్నీ అటు నుంచే. ఆ మంచి చెవిని ఎవరూ ఒక్క ప్రశ్న అడగలేదు. మర బిగించిన దిద్దు, తెగని చెవి లోంచి ఎలా పోయింది? గాలి మర తిప్పుతుందా? సముద్రం తిప్పుతుందా? మర తిప్పాలంటే రెండు వేళ్లు కావాలి. తీరిక కావాలి.

మీ నాన్నా, రావమ్మ పెద్దమ్మా ఆ రోజు ఊళ్లో లేరు. నీ దగ్గర ఉన్న రెండు వేళ్లు ఎవరివో నువ్వే ఏటా మైకులో చెప్తున్నావు.

గిరిధర్‌కి కూడా ఒక కార్డు ముక్క రాసి పడేశాను. మర్యాదగానే రాశాను.

ఉంటాను. బీపీ కూడా ఉంటోంది.

మీ మావయ్య
రామబ్రహ్మం

---

గుడివాడ,
24 అక్టోబరు 2024

మావయ్యా,

నీకు నమస్కారం పెట్టే ఓపిక ఈ వేళ లేదు.

కార్డు రాశావా? కవరు దొరకలేదా నీకు? "నాయనా గిరిధర్, వసుంధర కుడి చెవి దిద్దు ఎక్కడ పెట్టాడో మీ నాన్నని అడిగి తెలియజేయగలవు" అని పోస్టుకార్డు మీద, అంత పెద్ద అక్షరాలతో! పోస్టుమాన్ అంజి దాన్ని చదువుకుంటూ ఊళ్లోకి వచ్చాడు. టీ కొట్టు దగ్గర చదివి వినిపించాడు. గిరిధర్ చేతికి అందేటప్పటికి ఊళ్లో సగం మందికి కార్డు నోటికొచ్చింది.

గిరిధర్ ఫోన్ చేశాడు. "అక్కా, ఏమన్నా అడగాలనుంటే నన్ను అడగొచ్చుగా. మావయ్యగారి చేత రాయించడం ఎందుకు? రొయ్యల చెరువుల్లో నీకూ ఏదో ఒకటి చూద్దాంలే, విగ్రహం పని అయిపోనీ" అన్నాడు. నేను ఆస్తిలో వాటా అడుగుతున్నాననుకున్నాడు! సిగ్గుతో చచ్చిపోయాను. కాదురా అంటే, "నాకు తెలుసులే అక్కా, నువ్వు అట్టాంటిదానివి కాదు" అని ఇంకా ప్రేమగా మాట్లాడాడు. అది మరీ ఘోరంగా ఉంది.

ఒకటి అడుగుతాను, కోపం తెచ్చుకోకు. తెచ్చుకున్నా సరే. నాకు ఊహ తెలిసినప్పటి నుంచి పెదనాన్నని దొంగ అన్నవాడివి లోకంలో నువ్వొక్కడివే. చెరువులో చేప చచ్చినా ఆయనే అన్నావు. నీ పుస్తకాలు అమ్ముడుపోకపోవడానికి కూడా ఆయనే కారణమన్నావు. మరి ఇప్పుడు నా చెవి దగ్గర వినపడే గొంతు నిజంగా ఆయనదా, ఇన్నేళ్లుగా నువ్వు నాలో పోసిందా? ఎలా తెలుస్తుంది నాకు? ఆయన నన్ను చదివించాడు. కన్యాదానం ఆయనే చేశాడు. ఈ చేతులతో ఆయనకి దండ వెయ్యాలో వద్దో నాకు తెలియాలి. అది తేలేదాకా నాకు నిద్ర లేదు. దేనికి జడుస్తున్నానో తెలియకుండా జడుసుకోవడం ఎలా ఉంటుందో నీ పుస్తకాల్లో రాశారా?

ఇంకొకటి. నీ లాజిక్ అంతా బాగానే ఉంది గాని, ఒక చోట కూలిపోతోంది. ఆ దిద్దులు రోల్డుగోల్డు. నాన్న పోయేదాకా అదే చెప్పాడు, రావమ్మ పెద్దమ్మ చెప్పింది, అందరికీ తెలుసు. రోల్డుగోల్డు కోసం ఎవడన్నా పసిపిల్ల చెవి తెంపుతాడా? ఇప్పటికన్నా నిజం చెప్పు. జీతం లేక రోల్డుగోల్డు పెట్టావు. తప్పేముంది? నేను ఏమీ అనుకోను.

వసుంధర

---

బందరు,
28 అక్టోబరు 2024

శ్రీమతి వసుంధర గారికి,

మీ ఉత్తరం అందింది. మీరు ఏమీ అనుకోనన్నందుకు ధన్యవాదాలు.

ఆ దిద్దులు బంగారం. నా సైకిలు అమ్మి చేయించాను. ఆ తర్వాత నేను కాలేజీకి నడిచి వెళ్తుంటే, లెక్చరర్‌గారు ఆరోగ్యం కోసం నడుస్తున్నారని విద్యార్థులు మెచ్చుకున్నారు. చేసిన కంసాలి పోయాడు. ఆయన కొడుకు ఇప్పుడు సెల్‌ఫోన్ కవర్లు అమ్ముతున్నాడు. సాక్ష్యం లేదు. నా మాట తప్ప ఏమీ లేదు. నా మాట విలువెంతో తమరు పోయిన ఉత్తరంలో కట్టేశారు.

ఆ రోజు పంక్తిలో నవ్వనిది ఒక్క మీ అమ్మే. వడ్డిస్తున్న గరిటె కింద పెట్టి, "బావగారూ, మా అన్నయ్య పెట్టినవి ఇత్తడైనా సరే, దాని చెవి నుంచి తియ్యనివ్వను" అంది. అన్నంత పనీ చేసింది. నీళ్లు పోసేటప్పుడు కూడా తియ్యలేదని ఉప్పెనకి నెల ముందు నాకు రాసింది. అంటే ఆ పంక్తి రోజు నుంచి ఉప్పెన రోజు దాకా అవి నీ చెవులు దిగలేదు.

కార్డు విషయంలో మాత్రం తప్పు నాదే. కవరుకి డబ్బులు దండగ అనుకున్నాను. పైగా నలుగురూ చదివితే చదవనీ అని కూడా అనుకున్నాను. ఆ రెండోది నీకు చెప్పకుండా ఉంటే బాగుండేది.

నువ్వడిగిన పెద్ద ప్రశ్న కోసం బీరువా అంతా తిరగేశాను. నేను చదివిన పుస్తకాల్లో సగం, మరిచిపోయినవి మనసు అడుగున భద్రంగా ఉంటాయంటాయి. మిగతా సగం, మనసు అవసరాన్ని బట్టి కల్పించుకుంటుందంటాయి. రాసినవాళ్లెవరి చెవీ తెగలేదు.

ఇట్లు,
తమ విధేయుడు

---

గుడివాడ,
8 నవంబరు 2024

మావయ్యా,

నీ అలక తీరిందనుకుంటాను. తీరకపోయినా ఇది చదువు.

మొన్న మా ఊరు వెళ్లాను. గిరిధర్ కూతురు శ్రీజ, కాలేజీ పిల్ల, సన్మానానికి వీడియో తీస్తోంది. "పాత ఇంట్లో నిన్ను షూట్ చెయ్యాలి అత్తా, ఫీల్ ఉంటది" అంది. దారిలో విగ్రహం చూపించింది. గోనెసంచి కప్పారు. సంచి ఎత్తి చూస్తే, పెదనాన్న భుజం మీద పిల్లకి రెండు చెవులూ ఉన్నాయి. రెంటికీ ఇంతింత జూకాలున్నాయి, బంగారు రంగు వేసి. సిమెంటు పిల్లకైనా మిగిలాయి.

పాత ఇల్లు ఇప్పుడు రొయ్యల మేత గోడౌను. హాలు నిండా బస్తాలు. హాల్లోంచి డాబా మీదకి వెళ్లే మెట్లకి తలుపుంది, అదే పాత తలుపు. దాని గడియ మెట్ల వైపుంది. అటు నుంచి వేస్తే హాల్లో ఉన్నవాళ్లు తియ్యలేరు. ఆ గడియ మీద చెయ్యి వేసి కళ్లు మూసుకున్నాను. సినిమాల్లో అయితే ఇక్కడ అన్నీ వరసగా గుర్తుకొస్తాయి. నాకు మేత వాసనకి తుమ్మొచ్చింది.

అప్పుడు శ్రీజ అంది: "అత్తా, నువ్వు మెట్ల మీద నిలబడి గడియ పెట్టుకో. నేను ఇటు నుంచి తలుపు కొడతా. నువ్వు తీసి మెల్లగా బయటికి రా. ఎంట్రీ అదిరిపోద్ది."

గడియ పెట్టుకున్నాను. చీకటి. అది తలుపు కొట్టింది. "తియ్యి అత్తా! తలుపు తియ్యి!"

నేను తియ్యలేదు. చేతులు రాలేదు. ఎందుకంటే ఆ తలుపు అంతకు ముందే ఎవరో కొడుతున్నారు మావయ్యా. "బావగారూ, తలుపు తియ్యండి. పిల్లని ఇటివ్వండి. నీళ్లొస్తున్నాయి బావగారూ." నేను మెట్ల మీద ఒకరి ఒళ్లో కూర్చుని ఉన్నాను. కుడి చెవి వెనక వేళ్లు మర తిప్పుతున్నాయి. నెమ్మదిగా. తీరిగ్గా. "కదలకు తల్లీ, ఒకటి అయిపోయింది. తుఫానులో పోకుండా దాచిపెడతాను." కాళ్లకి చల్లగా తగిలింది. తలుపు కిందనుంచి నీళ్లు. ఆయన లేచాడు. గడియ వైపు చూశాడు. ఆ చూడడం నాకు ఇప్పుడు కూడా కనిపిస్తోంది. తర్వాత నా ఎడమ చెవి మీద చెయ్యి పడింది. దానికి మర తిప్పే తీరిక లేకపోయింది. నన్ను ఎత్తుకుని పైకి పరిగెత్తాడు. వెనకాల తలుపు చప్పుడు ఇంకా వినిపిస్తూనే ఉంది, తర్వాత లేదు.

నేను గడియ తీసేటప్పటికి నా మొహం చూసి శ్రీజ, "అత్తా, సూపర్‌గా ఏడ్చావు! రెండో టేక్ అక్కర్లేదు" అంది.

ఇంటికి వచ్చి నీ పాత ఉత్తరం తీశాను. "తీరిక" అన్న మాట అందులో ఉంది. నాకు కనపడ్డదాంట్లోనూ అదే మాట ఉంది. ఇది నేను చూసిందా, నీ ఉత్తరం చదివి అల్లుకుందా? రోల్డుగోల్డు కోసం మనిషి అంత పని చేస్తాడా? నేను అల్లుకుని ఉంటే, నన్ను బతికించినవాణ్ణి నా నోటితో హంతకుణ్ణి చేసినదాన్ని అవుతాను. నిజమై ఉంటే, మా అమ్మని చంపినవాడికి ఏటా మైకు పెట్టి సర్టిఫికెట్ ఇచ్చినదాన్ని అవుతాను. ఏదైనా నాకే.

వసు

---

బందరు,
12 నవంబరు 2024

వసూ,

"తీరిక" నా మాటే. తలుపు నా మాట కాదు. ఆ మెట్లకి తలుపుందన్న సంగతే నాకు గుర్తు లేదు. అయినా నన్ను నమ్మకు. నాకు నిజం కంటే పగ ఎక్కువ అవసరమని నీకు తెలుసు, నాకూ తెలుసు. నీ ఉత్తరం చదివి నేను మొదట ఏడవలేదు. మొదట "చూశావా!" అన్నాను, గట్టిగా, ఒక్కణ్ణే, ఇంట్లో. ఆ తర్వాతే మీ అమ్మ గుర్తొచ్చింది. అలాంటి మనిషిని సలహా అడక్కు.

నిన్ను ఎందుకు బతికించాడని ఆలోచించాను. జాలి కూడా ఉండవచ్చు, కాదనను. కాని తమ్ముడి భార్య పోయి తను ఒక్కడే బతికి బయటపడితే ఊరు అడుగుతుంది. చంకలో పిల్లతో దిగితే దండ వేస్తుంది.

నాది కాదు, నీది కాదు. ఆయన మాటే కావాలి. ఆయన్నే అడుగు. దండ వేసేటప్పుడు చెవిలో అడుగు. ఆయనకీ చెవుడే, కాస్త గట్టిగా అడుగు. "అమ్మ తలుపు కొట్టిందా?" అను. మొహం చూడు. నీకు తెలిసిపోతుంది. తెలియకపోతే దండ వేసి దిగి వచ్చెయ్యి, నేనేమీ అనను.

నేనూ వస్తున్నాను. అవనిగడ్డ బస్సెక్కి, అక్కడ మారి వస్తాను. గిరిధర్ నాకు కూడా కార్డు పంపాడు. కవరులో పెట్టి పంపాడు, నాకు బుద్ధి చెప్పడానికి. మిషను మాత్రం బీరువాలోనే వదిలి వస్తాను. ముఖ్య అతిథి, విశిష్ట అతిథి, ఆత్మీయ అతిథి, ముగ్గురూ చలపతిరావు బావని పొగుడుతుంటే వినకుండా కూర్చోగలిగే అదృష్టం ఆ సభలో నాకొక్కడికే ఉంటుంది. ఆ సుఖం వదులుకోలేను. కళ్లు చాలు నాకు. ముందు వరసలో కూర్చుంటాను.

మావయ్య

---

గుడివాడ,
21 నవంబరు 2024

మావయ్యా,

సభలో నువ్వు "ఏమయింది? ఏమన్నాడు?" అని అందరినీ అడుగుతూనే ఉన్నావు. అంత మందిలో నీ చెవిలో అరిచి చెప్పలేక, రాస్తానని చేత్తో గాలిలో రాసి చూపించాను. గిరిధర్ స్నేహితులు నిన్ను బస్సెక్కించారట. ఇప్పుడు రాస్తున్నాను. కూర్చుని చదువు.

నువ్వు చెప్పిన ప్రశ్న బస్సులో వల్లె వేసుకుంటూ వెళ్లాను. "అమ్మ తలుపు కొట్టిందా?" స్టేజీ ఎక్కాను. ఆయన కుర్చీలో శాలువాల కింద కూర్చుని ఉన్నాడు. దండ పట్టుకుని వంగాను. చుట్ట వాసన. మావయ్యా, ఆ ప్రశ్న నోట్లోంచి రాలేదు. నా నోటికి ఏమొచ్చిందో తెలుసా? "పెదనాన్నా, రోల్డుగోల్డు దిద్దుల కోసం నా చెవి తెంపారెందుకు?" అన్నాను. గట్టిగానే అని ఉంటాను, వినపడాలి కదా. ఎందుకు అలా అడిగానో తెలియదు. అన్నిటికంటే అదే నన్ను తినేస్తోంది కాబోలు. అంత చవక వాటి కోసమా అని.

అప్పుడే ఆ యాంకర్ పిల్ల, మేం ఇద్దరం ఏడుస్తామని కాబోలు, మైకు తెచ్చి ఆయన నోటి దగ్గర పెట్టింది.

ఆయన మొహం ఎర్రబడింది. భయంతో కాదు, పౌరుషంతో. "రోల్డుగోల్డేంటే పిచ్చిదానా! ఎవడు చెప్పాడు? మేలిమి బంగారం! మీ మావయ్యని ఏడిపించడానికి అన్నాను గాని, చెవి పట్టుకుని చూసినప్పుడే నాకు తెలుసు. నా కన్ను ఎప్పుడన్నా తప్పిందా? కరిగిస్తే రవ్వంత తరుగు పోలేదు!"

మైకుసెట్టులో ఊరంతా విన్నారు. ఊరి చివర దాకా స్పీకర్లు కట్టారు.

ఆయన ఇంకా చిరునవ్వుతో అందరినీ చూస్తున్నాడు. తన కన్ను తప్పలేదని ఒప్పుకుంటారని. అప్పుడు రావమ్మ పెద్దమ్మ లేచింది. లేవడానికి ఆమెకి ఇద్దరు కావాలి, ఆ రోజు ఒక్కతే లేచింది. "కరిగించి ఏం చేయించారండీ?" అని అడిగింది. ఎప్పుడూ అడిగేటంత మర్యాదగానే. పెద్దమ్మ చెయ్యి తన ముక్కు మీదకి వెళ్లింది. ఉప్పెన తర్వాత సంక్రాంతికి ఆయన చేయించిన ముక్కుపుడక. నన్ను పెంచినన్నాళ్లూ, జ్వరమొస్తే నా నుదుటికి తగిలేది అది.

అక్కడే తీసింది. ఏళ్ల తరబడి తియ్యనిది, మర తిరగలేదు. సభ అంతా చూస్తుండగా శ్రీజ సబ్బునీళ్లు తెచ్చింది. కెమెరా పక్కన పడేసి, నాయనమ్మ మొహం పట్టుకుని, మర తిప్పింది. చివరికి వచ్చింది. పెద్దమ్మ దాన్ని నా అరచేతిలో పెట్టి, "మీ అమ్మది" అంది. "దిద్దులు నావి పెద్దమ్మా" అన్నాను. "మీ అమ్మది" అంది మళ్లీ.

అప్పుడు నేను ఆ తలుపు ప్రశ్న కూడా అడిగాను. ఆయన ఆ రోజు గడియ వైపు చూసినట్టే చూశాడు, ఆ తలుపు ఇంకా అక్కడున్నట్టు. నాకు అది చాలింది. దండ నా చేతిలోనే ఉండిపోయింది. ఏం చెయ్యాలో తెలియక తెచ్చేశాను. మా ఇంటి గేటుకి వేలాడుతోంది.

నా తల బాగానే ఉంది మావయ్యా. నేను అల్లుకోలేదు. రాత్రి నిద్ర పట్టింది. రేపు మా అబ్బాయి సాయిశరణ్‌ని తీసుకుని పోలీస్ స్టేషన్‌కి వెళ్లి జరిగింది రాసి ఇస్తాను. ఆ వయసు మనిషిని వాళ్లేం చేస్తారో నాకు తెలియదు. ఇన్నాళ్లూ మైకులో అబద్ధం చెప్పాను, ఒకచోటైనా నిజం రాసి సంతకం పెట్టడం నా పని.

నువ్వు ముందు వరసలో కూర్చున్నావు. నీ దిద్దులు బంగారమని ఆయన అన్న మాట సభలో విననివాడివి నువ్వొక్కడివే. అందుకని ఆయన మాట ఆయన అన్నట్టే రాశాను. ఒక్క ముక్క మార్చలేదు. నిన్ను నమ్మనందుకు నన్ను క్షమించు.

నీ
వసు

---

బందరు,
25 నవంబరు 2024

వసూ,

నీ ఉత్తరం అందింది. ఆ ఒక్క పేరా కాగితం చిరిగేటట్టు చదివాను.

నేను చూసింది రాస్తాను. నువ్వు వంగావు. ఆయన నోరు ఆడింది. మైకు పట్టుకున్న పిల్ల మొహం పాలిపోయింది. నా పక్క కుర్చీలో మీ ఊరి రిటైర్డు హెడ్మాస్టరు నతానియేలు గారు ఉన్నారు. ఆ పంక్తి రోజున ఆయనా నవ్వినవాడే. ఆయన నా వైపు తిరిగి నా చెయ్యి రెండు చేతులతో పట్టుకున్నారు. ఎవరో పోయారు కాబోలనుకుని నేనూ ఆయన చెయ్యి పట్టుకుని, "ఎప్పుడండీ?" అని అడిగాను.

జీవితంలో నాకు అనుకూలంగా ఒకే ఒక్క తీర్పు వచ్చింది. అది వచ్చిన పూట నా చెవులు బీరువాలో ఉన్నాయి.

నీ ఉత్తరం వచ్చిన రోజంతా సంబరంగానే ఉన్నాను. పాలవాడికి చెప్పాను. పక్కింటివాళ్లకి చెప్పాను, సీరియల్ ఆపించి మరీ. మర్నాడు పొద్దున్న కాఫీ గ్లాసు చేతిలో ఉండగా తట్టింది. ఇన్నేళ్లూ పెళ్లిళ్లలో, తద్దినాల్లో, దొరికినవాడినల్లా పట్టుకుని అవి బంగారం, బంగారం అని కొట్టుకున్నాను. ఆ రోజు పంక్తిలో ఆయన అన్నదే నిజమై ఉంటే? సైకిలు ఉంచుకుని, చిలకలపూడి వెళ్లి చవగ్గా ఒక జత తెచ్చి ఉంటే? ఆయన కన్ను తప్పదు కదా. వాటి జోలికి వచ్చేవాడు కాదు. ఆ గడియ వేసే పని పడేది కాదు. నీ వెనకాలే మీ అమ్మ కూడా మెట్లెక్కేది.

అవి రోల్డుగోల్డే అయి ఉంటే ఎంత బాగుండేదే, వసూ.

ఇది నా తప్పని రాయడం లేదు. తప్పు ఎవరిదో నువ్వు స్టేషన్‌లో రాసి ఇచ్చావు. కానీ నేను గెలిచింది ఏమిటో చూసుకుంటే మాత్రం కాఫీ దిగలేదు.

నిన్న చిలకలపూడి వెళ్లాను. కొట్టువాడు "సంవత్సరం గ్యారంటీ అండి, రంగు పోదు" అన్నాడు. నాకే అంత గ్యారంటీ లేదు కనుక బేరం ఆడకుండా తీసుకున్నాను. ఒక జత దిద్దులు ఈ కవరులో పెడుతున్నాను. చూశావా, కవరే కొన్నాను. కుట్టిన చెవి మానాక రెండు చెవులకీ పెట్టుకో. ఎవరన్నా అడిగితే, మా మావయ్య పెట్టాడు, రోల్డుగోల్డు అని గట్టిగా చెప్పు. ఈసారి నేను ఎవరితోనూ పోట్లాడను.

మర మాత్రం నువ్వే తిప్పుకో.

మీ మావయ్య
రామబ్రహ్మం